పియానోకు వేరే దీపం కావాలా?

ప్రశ్న: మాస్టారూ, మాది చిత్తూరు. మా పాపకు పదకొండేళ్లు. చెన్నైలో కొన్న పాత అప్‌రైట్ (నిలువు పెట్టె) పియానో మీద నేర్చుకుంటోంది. హోంవర్క్ అయ్యాక ఏడున్నరకు సాధనకు కూర్చుంటుంది. ఈమధ్య మెడ ముందుకు చాచి, పుస్తకంలోకి తొంగి చూస్తూ వాయిస్తోంది. వచ్చిన పాఠంలోనూ తప్పులే. కళ్ల డాక్టరు చూపు బాగానే ఉందన్నారు. వాళ్ల టీచర్ పియానో ల్యాంప్ కొనమంటున్నారు. హాల్లో ట్యూబ్ లైట్ ఉండగా మళ్లీ దీపం దేనికని మా అత్తమ్మ అడుగుతున్నారు. ఆదివారం చర్చిలో పాటలకు నేనూ వాయిస్తాను, నాకు నలభై ఆరేళ్లు. ఆ ఖర్చు నిజంగా అవసరమా?
– ఒక తల్లి, చిత్తూరు

జవాబు: అవసరమేనమ్మా. ఈ రాత్రి పాప వాయిస్తున్నప్పుడు పక్కన నిలబడి పుస్తకం చూడండి. మన ఇళ్లలో పియానోను గోడకు ఆనించి పెడతాం. ట్యూబ్ లైట్ చాలాసార్లు ఎదురు గోడకు ఉంటుంది. వెలుతురు వీపు వైపు నుంచి వచ్చి, తల నీడ పేజీ మీద, చేతుల నీడ కీల మీద పడుతుంది. హాలంతా వెలుగే కాబట్టి అత్తమ్మగారికి లోటు కనిపించదు. పాప ముందున్న రెండు పేజీలే మసకగా ఉంటాయి.

కథ చదివేటప్పుడు ఒక అక్షరం సరిగా కనబడకపోయినా పదాన్ని బట్టి పోల్చుకుంటాం. నోటేషన్‌లో, అంటే స్వరాలను గుర్తులతో రాసిన పుస్తకంలో, ఆ వెసులుబాటు చాలా తక్కువ. నోట్ (స్వరం గుర్తు) పక్కన నిడివి పెంచే చుక్క కనబడకపోతే కాలం తప్పుతుంది. మసక వెలుతురులో షార్ప్ (స్వరాన్ని అర మెట్టు పెంచే గుర్తు), నేచురల్ (ఆ మార్పును రద్దు చేసే గుర్తు) ఒకేలా కనిపిస్తాయి. స్వరాలు రాసే ఐదు గీతల పైన అదనపు గీతలు మూడా, నాలుగా అన్నది పెద్దవాళ్లకే తేలదు. పైగా రెండు చేతులవీ రెండు వరుసలు ఒకేసారి చదవాలి. తిరుపతిలో నా దగ్గర నేర్చుకునే పిల్లల్లోనూ పగలు శుభ్రంగా వాయించి రాత్రి తడబడేవాళ్లు ఉన్నారు. సాధన చాల్లేదని ఇంట్లో వాళ్లను కోప్పడితే నాకు చాలా బాధగా ఉంటుంది.

చదువుకునే పుస్తకాన్ని మనం 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటాం. పియానో మీద అది 60, 70 దాకా వెళ్తుంది. వెలుతురు చాలకపోతే పిల్ల ముందుకు వంగుతుంది, భుజాలు బిగుస్తాయి, వేళ్లు బరువెక్కుతాయి. మీ సంగతీ చూసుకోండమ్మా. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గుతుంది, వెలుతురూ ఎక్కువ కావాలి. చదువుకునే కళ్లద్దాలు ఆ దూరానికి సరిపోవు. పియానో దగ్గర కంటి నుంచి పుస్తకం దాకా టేపుతో కొలిచి, ఆ కొలత కళ్ల డాక్టరుకు చెప్పండి.

ఈ ఇబ్బంది పాతదే. 19వ శతాబ్దంలో ఐరోపాలో చేసిన ఎన్నో అప్‌రైట్లకు ముందు పలక మీద, పుస్తకానికి రెండు వైపులా, ఇత్తడి కొవ్వొత్తి స్టాండ్లు బిగించేవారు. వాయిద్యం చేసినవాళ్లే దీపం గురించీ ఆలోచించారు!

కొనేటప్పుడు ముందు వెడల్పు చూడండి. తెరిచిన ఏ-4 పుస్తకం 42 సెంటీమీటర్లు ఉంటుంది. దీపం తల దాదాపు అంత పొడవు ఉంటే రెండు పేజీలకూ సమంగా వెలుతురు అందుతుంది, కొంత కీల మీదికీ దిగుతుంది. పిల్లల స్టడీ ల్యాంప్ పెడితే ఒక పేజీ వెలిగిపోతుంది, రెండోది అలాగే ఉంటుంది. బరువైన అడుగు పియానో పైన ఉండి, చెయ్యి ముందుకు వచ్చే రకం అప్‌రైట్‌కు బాగుంటుంది. బల్బు కంటికి కనబడకూడదు. నల్ల పాలిష్ మీద మెరుపు కొడితే దీపం తలను కొద్దిగా తిప్పండి. ఎల్‌ఈడీయే తీసుకోండి, పాత బల్బుల వేడి పాలిష్‌కు మంచిది కాదు. 3000 నుంచి 4000 కెల్విన్ (వెలుతురు రంగుకు కొలత) రంగు కళ్లకు హాయిగా ఉంటుంది. వెలిగించి ఫోన్ కెమెరాలో చూడండి, నల్ల చారలు పాకుతుంటే అది వద్దు.

ఇంటికి తెచ్చాక ఎడమ చివరి మంద్ర స్వరాలు గట్టిగా వాయించండి. దీపం జుయ్యిమంటే అడుగున మందపాటి ఫెల్ట్ ముక్క వేయండి. దీపం వెలిగించినప్పుడు ట్యూబ్ లైట్ ఆర్పొద్దు. చీకటి గదిలో పేజీ ఒక్కటే వెలుగుతుంటే కళ్లు త్వరగా అలసిపోతాయి. ల్యాంప్ వచ్చేదాకా పాప సాధనను ఉదయం, స్కూలుకు ముందు పెట్టండి. చర్చికి మాత్రం పుస్తకానికి తగిలించే చిన్న చార్జింగ్ లైటు చాలు, బ్యాగులో వేసుకుని వెళ్లొచ్చు.