బోగీ గోడ విప్పే ముందు

చిన్నా,

ఆదివారాలు ఇక్కడ బ్రిటన్‌లో పాత రైళ్ళ లైనుకు వెళ్ళి మార్క్ 1 అనే పాత బ్రిటిష్ రైల్వే బోగీ బాగుచేసే పనిలో చేరుతున్నావట, అదే బోగీని ఇంట్లో మోడల్‌గా కూడా కడతావట. మీ అమ్మ విజయవాడ నుంచి ఫోన్ చేసి చెప్పింది. పెద్దనాన్న ఉంటే ఈపాటికి టేపు పట్టుకుని నీ గుమ్మంలో ఉండేవారు. నాకూ గర్వంగానే ఉంది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

గట్టి బూట్లు వేసుకో. నిచ్చెన ఎక్కితే కింద ఎవరినైనా పట్టుకోమను. ఇవన్నీ నీకు తెలిసినవే.

తెలియాల్సింది ఆ గోడల లోపల ఉంటుంది. 1951 నుంచి వచ్చిన ఈ బోగీలు ఉక్కువి. ఉక్కు చలికి చెమరుస్తుంది, ఎండకు కాలుతుంది, చప్పుడు ఆపదు. అందుకని చాలా బోగీలకు రేకు లోపలివైపు నీలి ఆస్బెస్టాస్, అంటే రాతినార, పిచికారీ చేశారు. నిప్పంటుకోదు, మంచిదే అనుకున్నారు. బోగీల కార్ఖానాలో అది మంచులా రాలుతుండేదట. ఉండలు చేసి ఒకరి మీద ఒకరు విసురుకునేవాళ్ళమని నా క్లినిక్‌కి వచ్చే ముసలాయనలు నవ్వుతూ చెప్పేవాళ్ళు. నవ్వు సగంలోనే దగ్గు. ఆ పోగు ఊపిరితిత్తుల పొరలోకి దిగితే 30, 40 ఏళ్ళు ఉలుకూ పలుకూ ఉండదు, ఆ తర్వాతే జబ్బు బయటపడుతుంది.

ఒకావిడ అయితే కార్ఖానా గడప తొక్కలేదు. మొగుడి ఓవరాల్స్ పెరటి తలుపు దగ్గర దులిపి ఉతికేది, అంతే. ఆయన గుండ్రాయిలా ఉన్నాడు, జబ్బు ఈవిడకొచ్చింది. నేను ఎక్స్‌రే చూపిస్తుంటే ఆయన వినకుండా "రోజూ దులిపేదానివా? రోజూనా?" అని ఆవిడనే అడుగుతూ కూర్చున్నాడు.

ఈ దేశంలో నీలి రకాన్ని 1985లో, తెల్లదాన్ని 1999లో నిషేధించారు. ఇప్పుడు తిరుగుతున్న పాత బోగీల్లో చాలావరకు దాన్ని తీసేశారు, నిజమే. కానీ నీ బోగీ నంబరు మీద తీసేసినట్టు కాగితం ఉందా, అది అడుగు. లేకపోతే ఒక్క స్క్రూ కూడా విప్పొద్దు. మాస్కు పెట్టుకుంటాలే పెద్దమ్మా అనకు. గడ్డం పెంచినవాడి ముఖానికి మాస్కు అతుక్కోదురా!

ఇక మోడల్ సంగతి. ఓఓ స్కేలులో అడుగుకి 4 మి.మీ. లెక్క. ఆ లెక్కన పట్టాల మధ్య 18.83 మి.మీ. ఉండాలి, ఉండేది 16.5. ఆ 16.5 అడుగుకి 3.5 మి.మీ. స్కేలు పట్టా. బ్రిటిష్ ఇంజన్లు చిన్నవి. అప్పటి మోటార్లు ఆ స్కేలులో పట్టక పైభాగాన్ని పెంచి, పట్టాలను అలాగే వదిలేశారు. 1938లో హార్న్‌బీ డబ్లో అనే మోడల్ రైళ్ళ సెట్టు కూడా అదే పట్టా మీద వచ్చింది, ఇక అదే పాతుకుపోయింది. మన బ్రాడ్‌గేజ్ చూస్తూ పెరిగిన నీ కళ్ళకు అది మరీ ఇరుకుగా కనిపిస్తుంది. భరించు. పెద్దనాన్న 18.83 మీదే వేస్తానని పట్టుపట్టి గది నిండా పాయింట్లు, అంటే పట్టాలు చీలే చోట్లు, పరిచారు. వాటి మీద రైలు ఓ చుట్టు తిరగగా నేను చూడలేదు.

ఆ ఓపికేదో రంగు మీద పెట్టు. మొదట్లో ఎరుపు, మీగడ రంగు. 1956 నుంచి మెరూన్. 1960ల చివరికి నీలం, బూడిద. నువ్వు కట్టేది ఏ ఏటి బోగీయో ముందు తేల్చుకో. ఆయన కొన్న మెరూన్ డబ్బాలు గరాజ్‌లో ఉన్నాయి. ఎండిపోయే ఉంటాయి, అయినా వచ్చి చూసుకో. వచ్చేటప్పుడు ఆ కాగితం ఫొటో తీసుకురా, గడ్డం గీసుకుని రా.

పెద్దమ్మ