డిటెన్షన్ సెంటర్లో ఉన్నావిడను చూడబోతున్నారా?

ఇంగ్లండ్‌లో ఆశ్రయం కోరి వచ్చి డిటెన్షన్‌లో, అంటే ఇమిగ్రేషన్ వాళ్ళ నిర్బంధంలో, ఉన్న ఒకావిడను వాలంటీరుగా కలవబోతున్నానని, ఏం మాట్లాడాలో తోచట్లేదని అడిగారు. కొన్నేళ్ళు నేనూ అలా వెళ్ళొచ్చాను, నాకు తెలిసింది చెప్తాను.

ఒకటి మాత్రం అడక్కండి: "అసలేం జరిగింది?" అని. హోమ్ ఆఫీసుకి (ఆశ్రయం అర్జీలు తేల్చే ప్రభుత్వ శాఖ), లాయరుకి, డాక్టరుకి చెప్పీ చెప్పీ ఉంటుంది. ఎక్కడైనా తేదీ తేడా వస్తే అబద్ధమన్నట్టు చూస్తారు. తనే చెప్తే వినండి. ఒకావిడ నా జడ పట్టుకు చూసి "కొబ్బరి నూనేనా?" అంది. అంతే, ఆ పూటంతా జుట్టు కబుర్లే. లోపల ఆడవాళ్ళు ఒకరికొకరు జడలు అల్లుకుంటారట, ఎవరు గట్టిగా లాగుతారో పేరుపేరునా చెప్పింది. ఆరోజే మొదటిసారి నవ్వింది.

వాళ్ళను తినేసేది గోడలకన్నా గడువు లేకపోవడం. జైల్లో ఉన్నవాడికి విడుదల తేదీ అంటూ ఒకటుంటుంది. బ్రిటన్‌లో ఇమిగ్రేషన్ డిటెన్షన్‌కి ఇన్నాళ్ళే అనే పరిమితి చట్టంలో లేదు. రాత్రి వరండాలో తాళాల చప్పుడైతే, ఫ్లయిట్ ఎక్కించడానికి తన కోసమే వస్తున్నారనుకునేదట ఆవిడ. ఇక నిద్రెక్కడిది? పైగా అత్యాచారం నుంచో, కొట్టే మొగుడి నుంచో పారిపోయి వచ్చినవాళ్ళకి మగ గార్డు తలుపు తీయడమంటే ఎలా ఉంటుందో వేరే చెప్పాలా. అప్పట్లో ఎక్కువగా ఆడవాళ్ళనే ఉంచిన యార్ల్స్ వుడ్ డిటెన్షన్ సెంటర్ గురించి 2015లో జైళ్ళ తనిఖీ అధికారే దేశమంతా పట్టించుకోవాల్సిన పరిస్థితి అని రాశారు. 2018లో అక్కడివాళ్ళు అన్నం మానేసి నిరసన చేశారు. 2021 చివర్లో కౌంటీ డర్హమ్‌లో ఆడవాళ్ళ కోసం డెర్వెంట్‌సైడ్ అనే సెంటర్ తెరిచారు. అదెక్కడో ఉత్తరాన మారుమూల, చూడ్డానికి వెళ్ళాలంటే బోలెడు ప్రయాణం.

మీరు లాయరు కాదు, సలహాలివ్వకండి. కానీ ఈ మూడూ అడగొచ్చు. లాయరున్నారా? లేకపోతే సెంటర్లోనే అరగంట ఉచిత న్యాయసలహా దొరుకుతుంది, పేరు రాయించుకోవాలి. బెయిల్‌కి అర్జీ పెట్టారా? డాక్టరు దగ్గర "రూల్ 35" రిపోర్టు అడిగారా? చిత్రహింసకు గురైందని అనుమానమున్నా, ఆత్మహత్య ఆలోచనలున్నా, అక్కడే ఉంచితే ఆరోగ్యం చెడుతుందనిపించినా డాక్టరు హోమ్ ఆఫీసుకి రాయాలి. చాలామందికి ఇలాంటిదొకటుందనే తెలియదు. నోరు తెరిచి చెప్పాలంటే సిగ్గు, దుబాసీ మగవాడైతే మరీను. ఆడ డాక్టరు, ఆడ దుబాసీ కావాలని అడగొచ్చని చెప్పండి. గర్భిణి అయితే 2016లో వచ్చిన నిబంధన ప్రకారం 72 గంటలకు మించి ఉంచకూడదు, మంత్రి అనుమతిస్తే వారం దాకా. ఈ నిబంధనలు మారుతుంటాయి, లాయరుతో ఖాయం చేసుకోమనండి.

లోపలికి ఏం తేనిస్తారో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. మిమ్మల్ని తనిఖీ చేస్తారు, మీ సామానంతా లాకర్లో పెట్టిస్తారు. వస్తానన్న రోజు వెళ్ళలేకపోతే తప్పక కబురు పెట్టండి. మీరు రాకపోతే తనవల్లే రాలేదనుకుంటుంది.

ఇంకోటి. ఇలా ఆశ్రయం కోరినవాళ్ళలో చాలామందిని చివరికి దేశం దాటించరు, విడిచిపెడతారు. అది ఏ సాయంత్రం పూటో, ఉన్నట్టుండి. కాబట్టి మీ వాలంటీర్ల గ్రూపు నంబరు ఆవిడకి ఇప్పుడే కాగితం మీద రాసిమ్మని కోఆర్డినేటర్ని అడగండి, ఫోన్లో సేవ్ చేస్తే చాలనుకోవద్దు.