బ్రాంకోస్కోప్ పట్టబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

పసిపిల్లల శ్వాసనాళాల్లో ఇరుక్కున్న వస్తువులను బ్రాంకోస్కోప్ గొట్టం లోపలికి దించి తీసే విభాగంలో చేరబోతున్నావని మీ నాన్న చెప్పినప్పుడు గర్వంగానే అనిపించింది గాని, ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

బిడ్డ గట్టిగా దగ్గుతున్నంతసేపు దగ్గనివ్వాలనీ, గొంతు పెగలనప్పుడు వీపు మీద ఐదు చరుపులూ, ఆపైన ఏడాది దాటినవారికి పొట్ట మీద, ఏడాదిలోపువారికి ఛాతీ మీద ఐదు నొక్కులూ ఇవ్వాలనీ, కంటికి కనబడని దానికోసం నోట్లో వేలు పెట్టి కెలకకూడదనీ నీకు తెలుసు.

నా దిగులంతా దగ్గు ఆగిపోయి నవ్వుతూ వచ్చే బిడ్డ గురించి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక తల్లి రెండేళ్ల పిల్లవాణ్ణి తీసుకువచ్చింది. వేరుశనగ పలుకులు తింటూ పరుగెత్తాడనీ, ఉక్కిరిబిక్కిరై ముఖం కమిలేలా దగ్గాడనీ, కాసేపటికి తానే సర్దుకున్నాడనీ చెప్పింది. వాడేమో నా స్టెతస్కోప్ గొట్టం లాగుతూ ఆడుకుంటున్నాడు. ఎక్స్‌రేలో ఏమీ లేదు. పలుకు ఎక్స్‌రేలో కనబడదని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే, అయినా ఇంటికి పంపేశాను. వస్తువు కింది నాళంలోకి జారి కుదురుకుంటే దగ్గు ఆగుతుందమ్మా, దాన్ని నయమైందనుకున్నాను. మూడు వారాలకు వాడు జ్వరంతో, డొక్కలెగరేస్తూ తిరిగి వచ్చాడు. కుడి ఊపిరితిత్తికి వెళ్లే నాళం ఎడమదాని కంటే వెడల్పు, నిటారు. పలుకు అందులోనే దిగి, తడికి ఉబ్బి, దాని నూనెకు చుట్టూ పొర వాచి ఉంది. ఫోర్సెప్స్ పట్టకారు తగిలితే రక్తం, పట్టుకుంటే పలుకు చితికిపోవడం. మా పెద్ద డాక్టరుగారు ముక్కముక్కగా తీసి వాణ్ణి బతికించారు. ఆ తల్లి నన్ను తిట్టలేదు. "ఆ రోజే చెప్పాను కదండీ" అని మాత్రం అంది.

ఊపిరి వదిలినప్పుడు తీసిన ఎక్స్‌రేలో ఒకవైపు ఊపిరితిత్తి గాలితో ఉబ్బి కనబడవచ్చు. అదీ కనబడకపోయినా, ఉక్కిరిబిక్కిరి కావడం కళ్లారా చూసిన మనిషి చెబితే రిజిడ్ బ్రాంకోస్కోప్, అంటే ఆ వంగని గట్టి గొట్టం, వేసి చూడటానికి వెనకాడకు. 1897లో జర్మన్ డాక్టరు గుస్టావ్ కిలియన్ గొట్టంతో ఎముక ముక్కను తీసిననాటి నుంచి పరికరాలు ఎంతో మారాయి గాని, పసివాడి నాళం వెడల్పు మారలేదు. అందుకే మత్తు డాక్టరుతో ముందే మాట్లాడుకో: తీస్తుండగా పలుకు జారి రెండు ఊపిరితిత్తులకూ గాలి వెళ్లే పెద్ద నాళానికి అడ్డుపడి, వెంటనే చేతికి అందకపోతే, దాన్ని మళ్లీ ఒకవైపుకు తోసి రెండో ఊపిరితిత్తికి గాలి అందించాలి. ఒకటి తీశాక మళ్లీ లోపలికి చూడు, ఇంకొకటి ఉండవచ్చు.

ఖాళీ కడుపుతో థియేటర్‌లోకి వెళ్లకు, నీకు చిన్నప్పటి నుంచీ కళ్లు తిరుగుతాయి. మొదటి కేసు అయ్యాక ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి, నేను మేలుకునే ఉంటాను.

పెదనాన్న