పాప పేరు గురించి

విజయనగరం

చి. సౌ. అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన పేర్ల లిస్టు చూశాను. పాప కన్నా ఆ లిస్టే నీకు ఎక్కువ నిద్ర లేకుండా చేస్తున్నట్టుంది. ముందు ఆ టెన్షన్ వదులు. 21 రోజుల్లోగా నమోదు చేయించాల్సింది పుట్టుకని మాత్రమే. పేరు తర్వాత రాయించుకోవచ్చు, 12 నెలల్లోపు అయితే రుసుము కూడా ఉండదు.

హస్తా నక్షత్రానికి పూ, ష, ణ, ఠ అన్నారని కంగారెందుకు? ణ తోనో ఠ తోనో మొదలయ్యే ఆడపిల్ల పేరు నిఘంటువంతా గాలించినా దొరకదు. పూర్ణ అని చెవిలో చెప్పండి, పూజలకీ పెళ్ళికీ అది చాలు. పిలిచే పేరు వేరే పెట్టుకోవడం మన ఇళ్ళలో ఉన్నదే.

ఇక నీకు నచ్చిన కియారా. ఇటలీ వాళ్ళకి ఆ మాట అంటే వెలుగు, స్వచ్ఛం. మీరు వెళ్ళేది ఐర్లండులోని డబ్లిన్‌కి. అక్కడ 'సి'తో రాసే ఇదే పేరుకి నల్లనిది అని అర్థం, పలకడం 'కీరా' అని. మీ అమ్మమ్మ కూడా అప్పుడే కీరా అంటోంది, దోసకాయని పిలిచినట్టు! నెట్‌లో చూసిన అర్థాన్ని నమ్ముకుని పేరు పెట్టకు. ఆ పేరు ఏ నోళ్ళలో నలగబోతోందో చూసుకో.

మన వైపు పాతవాళ్ళు అర్థాలు వెతకలేదు, దేవుణ్ణి చూసుకున్నారు. అరసవల్లి దగ్గర సూర్యనారాయణ, శ్రీకూర్మంలో కూర్మారావు, సింహాచలం మొక్కుకి అప్పలరాజు, అప్పలకొండ. పేరు చెబితే ఏ దేవుడి మొక్కో తెలిసిపోయేది. నాకు ఇప్పటికీ ఆ పేర్లే ఇష్టం, మీరు నవ్వినా సరే.

పైడితల్లమ్మ పేరు కలపాలన్న మీ అత్తగారి కోరిక న్యాయమైనదే. కానీ పాస్‌పోర్టులో పైడి అని ఒక్కటే రాయించకు. మనకది బంగారం. ఐర్లండులో అవే అక్షరాలు ప్యాట్రిక్ అనే మగపేరుకి ముద్దుపేరు, పాడీ అంటారు. పైడితల్లి అని ఇంట్లో నోరారా పిలుచుకోండి, ఎవరొద్దన్నారు?

నన్నడిగితే తార అను. మనకి నక్షత్రం. అక్కడ మీత్ కౌంటీలో తారా అనే కొండ ఉంది, వాళ్ళ పాతకాలపు రాజుల చోటు, అందుకని ఆ పేరు వాళ్ళకీ కొత్త కాదు. మీ అమ్మమ్మకీ నోరు తిరుగుతుంది, అక్కడి టీచరుకీ తిరుగుతుంది. అల్లుడుగారితో కూడా ఒకసారి అనిపించి చూడు.

ఏ పేరు ఖాయం చేసినా ఇంగ్లీషు స్పెల్లింగు జనన ధ్రువపత్రంలో ఉన్నట్టే పాస్‌పోర్టులోనూ ఉండాలి. త కి 'టి' పక్కన 'హెచ్' పెట్టడం మన అలవాటు, బయటివాళ్ళు దాన్ని థ అని చదువుతారు, పెట్టకండి. ఇంటిపేరు గడిలో ఒక్క అక్షరం రాసి ఊరుకోకుండా పూర్తిగా రాయండి. బారసాల ముహూర్తం తెలియగానే ఫోన్ చెయ్యి, శ్రీకాకుళం ముందు రోజే వచ్చేస్తాను.

మీ మావయ్య