థాయ్ నేర్చుకుంటున్న మా అమ్మాయికి

బంగారుతల్లికి పిన్ని ఆశీస్సులు.

బ్యాంకాక్ వచ్చి నాలుగు నెలలైనా నోరు విప్పలేకపోతున్నానని, యాప్‌లో ఎన్ని పాఠాలు చదివినా కొట్లో ఒక్కరికీ నీ మాట అర్థం కావడం లేదని రాశావు. ఈ వయసులో కొత్త భాష ఏం వస్తుందిలే అని టెన్షన్ పడకు. ఇక్కడికి వచ్చేనాటికి నాకు 36 ఏళ్ళు.

ముందు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న ఆ నోట్సు పక్కన పెట్టు. విన్న మాటను విన్నట్టు తెలుగులో రాసుకో. ఇంగ్లీషులో రాస్తే హ్రస్వం, దీర్ఘం కలిసిపోతాయి. థాయ్‌లో ఆ తేడాతో అర్థమే మారిపోతుంది. క, ఖ తేడా కూడా అంతే. ఈ రెండూ చూపించడానికి మన లిపి చాలు.

కొత్తలో మా సందు చివర మార్కెట్‌లో గుడ్లు కొనబోయాను. "ఖై" అంటే గుడ్డు, "కై" అంటే కోడి. స్వరం, అంటే గొంతు ఎత్తీ దించీ పలికే తీరు, రెండింటికీ ఒకటే, గొంతు కిందికి దించి పలకాలి. మాటల్లో మనం ఖ ని క లాగే అనేస్తాం కదా, నేనూ "కై" అన్నాను. గుడ్లమ్మే ఆవిడ పక్కనున్న కోడిమాంసం కొట్టు చూపించింది. మళ్ళీ అడిగాను, మళ్ళీ అటే చూపించింది. చివరికి ఒక గుడ్డు తీసి నా చేతిలో పెట్టి, నా రెండో అరచేతిని తన నోటి ముందుకు లాక్కుని "ఖై" అంది. వెచ్చని గాలి చేతికి తగిలింది. "కై" అంది. గాలి లేదు. బేరాలు పక్కన పెట్టి, నాకు వచ్చేదాకా అనిపించింది. నువ్వూ అలాగే అరచెయ్యి అడ్డం పెట్టుకుని ఖ, థ, ఫ సాధన చెయ్యి. ఫ అంటే పెదవులు కలిపి పలికేది, ఫ్యానులో ఉండేది కాదు.

స్వరాలు అయిదు. వాటి పేర్లు బట్టీ పట్టకు, మాటల్ని జంటలుగా విను. "క్లై" అని సమంగా అంటే దూరం, పైనుంచి జారవిడిస్తే దగ్గర. ఆస్పత్రి దూరమని చెబితే దగ్గరని విని, జ్వరంతో ఉన్న మీ తమ్ముణ్ణి ఎత్తుకుని ఏప్రిల్ ఎండలో నడిచాను. అందుకే చెబుతున్నాను, నోటికంటే ముందు చెవికి ఎక్కువ టైమ్ ఇవ్వు.

మనవాళ్ళకి అడ్డొచ్చే అలవాట్లు రెండున్నాయి. ప్రశ్న అడిగేటప్పుడు చివర గొంతు లేపుతాం. ఇక్కడ అలా లేపితే ఆ మాట స్వరం చెడుతుంది. ప్రశ్న కోసం చివర "మై" అని వేరే మాట ఉంది, గొంతు లేచేది ఆ ఒక్క మాట మీదే. ఇంకోటి, హల్లుతో ముగిసే మాటకి ఉ తగిలిస్తాం. కారుని "రొత్" అంటారు, మన రథమే అది. దాన్ని "రొతు" అనకు. నాలుక పళ్ళ వెనక ఆనించి అక్కడే ఆపెయ్యి.

రథంలాగే ఆహారం "ఆహాన్", భాష "ఫాసా" అయ్యాయి. క్షమించమని చెప్పే "ఖో థోత్"లో ఉన్నది మన దోషమే. ఇవి చూసి నాకు ప్రాణం లేచొచ్చింది గానీ, మార్కెట్‌లో వీటితో పని తక్కువ.

వరసలు కలిపి పిలవడం నీకెవరూ నేర్పక్కర్లేదు. పెద్దదైతే "ఫీ", చిన్నదైతే "నోంగ్", అమ్మకంటే పెద్దావిడైతే "పా". మర్యాదకి ఆడవాళ్ళు మాట చివర చేర్చే "ఖ" మరిచిపోకు. మనం "భోంచేశారా?" అన్నట్టే వీళ్ళు "కిన్ ఖావ్ రూ యంగ్" అంటారు. ఆ రూ మనకు లేని అచ్చు. పెదవులు గుండ్రంగా పెట్టకుండా, నవ్వుతున్నట్టు సాగదీసి అను.

రోజూ ఒకే కొట్టుకి, జనం పల్చగా ఉండే టైమ్‌లో వెళ్ళు. వాళ్ళు ఇంగ్లీషులోకి మారినా నువ్వు మారకు.

లిపిని వాయిదా వెయ్యకు. హల్లులు 44, వరస మన క ఖ లాగే మొదలవుతుంది. రాసిన మాట చూస్తే స్వరం ఏదో కూడా తెలుస్తుంది. చిన్నపిల్లల అక్షరాల పుస్తకం కొనుక్కో. మొదటి అక్షరం "కో కై", పక్కన కోడి బొమ్మ ఉంటుంది. రెండోది "ఖో ఖై", గుడ్డు.

ఆదివారం ఇంటికి రా, మార్కెట్‌కి కలిసి వెళ్దాం. గుడ్లు నువ్వే అడగాలి.

మీ పిన్ని