ముందు నీళ్ళు, తర్వాత మొక్కలు

చి. సౌ. శిరీషకు,

పెద్దనాన్న ఆశీస్సులు. మియాపూర్‌లో మూడో అంతస్తు ఫ్లాటు, పడమటి ఎండ, అయినా మందారాలు పూయాలి, పిట్టలు రావాలి అన్నావు. రెండూ అవుతాయి. కానీ గింజల గిన్నెతో మాత్రం మొదలుపెట్టకు. మన ఊళ్ళో బాల్కనీలో గింజలు పోస్తే ముందు దిగేది పావురాలే. అడ్రసు పట్టాయంటే ఏసీ యూనిట్ వెనక కాపురం పెట్టేస్తాయి. ఎండిన రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. తిండి పెట్టకపోతే మనసొప్పదంటావా, చూరు కింద వరికంకుల కుచ్చు వేలాడదియ్యి. పిచ్చుకలు దాన్ని పట్టుకుని వేలాడుతూ తింటాయి. పావురం ఒళ్ళుకి ఆ విద్య రాదు.

నీళ్ళకి వెడల్పాటి మట్టి మూకుడు తీసుకో, లోతు రెండంగుళాలు దాటకూడదు. మధ్యలో గరుకు రాయొకటి వెయ్యి, చిన్న పిట్టకి కాలు నిలవాలి. స్టీలు గిన్నె వద్దు, మే నెల ఎండకి కాలిపోతుంది. రోజూ పొద్దున పాత నీళ్ళు కుండీలో పోసి, కొబ్బరిపీచుతో రుద్ది మళ్ళీ నింపు. వారం వదిలేశావంటే పిట్టలకి కాదు, దోమలకి పురుడు పోసినట్టు.

మందారానికి 14 అంగుళాల కుండీ చాలు. ఎర్రమట్టి రెండు పాళ్ళు, వర్మీకంపోస్టు ఒకటి, కోకోపీట్ (కొబ్బరిపొట్టు) ఒకటి, గుప్పెడు వేపపిండి. నల్ల ప్లాస్టిక్ కుండీ పడమటి ఎండకి వేరుని ఉడికిస్తుంది, మట్టిదే కొను. వేలు రెండు కణుపులు దించి చూసి, పొడిగా ఉంటేనే నీళ్ళు పొయ్యి. రోజూ లెక్కప్రకారం పోస్తే వేరు కుళ్ళుతుంది, ఆకు వాడుతుంది, వాడింది కదా అని మరో చెంబు పోస్తావు. చాలా మొక్కలు ఇలాగే పోతాయి.

పక్కన నూరు వరహాలు, హమీలియా పెట్టు. హమీలియా పువ్వు తేనెపిట్టకి, నల్లగా పండిన కాయ పిగిలిపిట్టకి. మగ తేనెపిట్ట వేసవిలో నీలంగా నిగనిగలాడుతుంది. వానలు వెళ్ళాక పసుప్పచ్చగా, గొంతు కింద నల్లగీతతో కనిపిస్తే కొత్త పిట్ట అనుకోకు, అదే. ఆడపిట్ట గూటిని సాలెపోగులతో అల్లుతుంది. అందుకని మూలల్లో బూజు కొంచెం ఉండనియ్యి. మీ అత్తగారికి నేను చెప్పానని చెప్పు.

మందారం మొగ్గల మీద తెల్లని దూదిలాంటిది కనిపిస్తే పిండినల్లి. చీమలు బారులు తీరాయంటే ఇంకా ముందే వెతుకు, దాని తీపి జిగురు కోసమే వస్తాయి. పట్టిన చివర్లు కత్తిరించి, మిగతావి నీళ్ళ ధారతో కడుగు. తగ్గకపోతే లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీరు కలిపి, ఎండ తగ్గాక కొట్టు, పూల మీద పడకుండా. ఘాటు మందులు వద్దు. పిచ్చుక గింజలు తిన్నా పిల్లలకి పెట్టేది పురుగులనే.

పిచ్చుక పెట్టె కొనేటప్పుడు కన్నం కొలువు: 32 మిల్లీమీటర్లు. అంతకన్నా పెద్దదైతే గోరింక ఆక్రమిస్తుంది. కన్నం కింద పుల్ల ఉంటే పీకెయ్యి, దాని మీద కాకి కూర్చుని పిల్లల్ని లాగుతుంది. సాయంత్రపు ఎండ తగలని పక్కగోడకి, సజ్జా కింద, ఎనిమిదడుగుల ఎత్తున బిగించు. గాలిపంకాకి దూరంగా ఉండాలి.

గూళ్ళ కాలంలో పిట్ట కిటికీ అద్దాన్ని పొడుస్తుంటే కంగారుపడకు. తన నీడనే పరాయి మగాడనుకుంటోంది. ఆ అద్దానికి బయటివైపు పాత న్యూస్‌పేపరు అంటించు, కొన్నాళ్ళకి సర్దుకుంటుంది. బట్టల తీగ మాత్రం ఇప్పుడే మూకుడు పక్కనుంచి అవతలికి మార్చెయ్యి.

ఇట్లు,
మీ పెద్దనాన్న