కామా ఎక్కడ పడుతుంది: పాత సీరియళ్ల మీద థియరీలు రాస్తున్న అమ్మాయికి ఉత్తరం

అమ్మాయికి ఆశీస్సులు.

'ది ప్రిజనర్' మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. పదిహేడు ఎపిసోడ్లూ ఎంత శ్రద్ధగా చూశావో పేరా పేరాలో తెలుస్తోంది. రాసేటప్పుడు మాత్రం తొందరపడ్డావు. నువ్వు చూపించిన పోలికల్లో కొన్ని తీసినవాళ్లు కావాలని పెట్టినవి, కొన్ని షూటింగ్ ఇబ్బందుల్లోంచి పుట్టినవి, ఇంకొన్ని నీ ఊహలోంచి వచ్చినవి. మూడింటినీ ఒకే గంపలో పోశావు. వాటిని ఏరి వేరుచేయడమే ఈ రాతలో అసలు పని.

ముందు అన్నిటికంటే బాగున్న చోటు చూద్దాం, అదే కామా సంగతి. ఈ సీరియల్ చూడనివాళ్లు కూడా నీ వ్యాసం చదువుతారు, కాబట్టి కథ మూడు ముక్కల్లో చెప్పు. 1967 సెప్టెంబరులో బ్రిటన్‌లో ఐటీవీలో మొదలైంది. రాజీనామా చేసిన గూఢచారి మత్తులోంచి లేచేసరికి ఓ ఊళ్లో బందీ. అక్కడ ఎవరికీ పేర్లుండవు, నంబర్లే. ఇతనిది ఆరు. ఊరిని నడిపే రెండో నంబరు స్థానంలో దాదాపు ప్రతి ఎపిసోడ్‌కీ మనిషి మారిపోతుంటారు. చాలా ఎపిసోడ్ల మొదట్లో ఒక సంభాషణ వస్తుంది. ఒకటో నంబరు ఎవరని ఇతను అడుగుతాడు. 'యూ ఆర్ నంబర్ సిక్స్' అంటుంది అవతలి గొంతు. మామూలుగా వింటే అది జవాబు దాటేయడం. 'ఆర్' తర్వాత కామా పెట్టుకుని వింటే అదే జవాబు, ఒకటో నంబరువి నువ్వే అని.

నువ్వు దాన్ని 'నువ్వు ఆరో నంబరువి' అని తెలుగు చేసి, కింద కామా గురించి వివరించావు. చదివేవాళ్లకు ఏమీ అందదు, ఎందుకంటే ఆ తెలుగు వాక్యంలో కామా దూరే సందు లేదు. మొదటి అర్థానికి 'నువ్వు ఆరో నంబరువి' అనాలి, రెండో అర్థానికి 'నువ్వే, ఆరో నంబరూ!' అనాలి. ఒకదాంట్లో చివర 'వి' వచ్చి కూర్చుంటుంది. రెండోదాంట్లో 'నువ్వే' అని నొక్కుతాం, పిలుపు కోసం చివర దీర్ఘం తీస్తాం. మన భాష ఇక్కడ గుట్టు దాచనివ్వదు. కాబట్టి ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగు లిపిలో అలాగే ఉంచి, దాని కింద ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టు. వివరణ సగానికి తగ్గిపోతుంది.

ఇక రుజువు. చివరి ఎపిసోడ్ 'ఫాల్ అవుట్'లో ఒకటో నంబరు ముసుగు లాగితే కోతి ముఖం, అదీ లాగితే ఆరో నంబరు ముఖమే. లండన్‌లో అతని ఇంటి తలుపు మీద 1 అంకె ఉంటుంది. ఆ తలుపు ఊళ్లో తలుపుల్లాగే తనంతట తనే తెరుచుకుంటుంది. ఇంతవరకూ నువ్వూ రాశావు. ఇంకొకటి చెయ్యాలి. మొదటి సంభాషణలో రెండో నంబరు గొంతు ఎప్పుడూ ఒకరిదే కాదు. కొన్నింట్లో ఆ ఎపిసోడ్‌లో వేషం కట్టిన నటుడిదే, కొన్నింట్లో రాబర్ట్ రియెట్టి అనే వేరే నటుడి గొంతు. ఆ సంభాషణలన్నీ వరసగా వినేసి, 'ఆర్' తర్వాత ఆగారా, 'యూ' మీద నొక్కారా, 'సిక్స్' మీద నొక్కారా అని మూడు గళ్లలో గీతలు గీసుకో. గొంతులు మారినా గీతలు ఒకే గడిలో పోగుపడితే ఎవరో అలా పలకమని చెప్పి ఉండే అవకాశం పెరుగుతుంది. చెల్లాచెదురైతే అది ఆయా నటుల పలుకుబడి. ఫలితం ఎటు తేలినా ఆ లెక్కను వ్యాసంలో పెట్టు.

మనకు దీనికి కొలబద్ద ఇంట్లోనే ఉంది. పింగళి సూరన 'రాఘవపాండవీయం'లో ఒకటి రెండు పద్యాలు రామకథకూ భారతకథకూ పొసిగి ఊరుకుంటే దాన్ని ద్వ్యర్థి కావ్యం అనేవాళ్లం కాదు. కావ్యం పొడుగునా రెండు కథలూ నడవాలి. నీ రెండో అర్థం ఎన్ని చోట్ల నడుస్తోంది, ఎక్కడ కుంటుతోంది అన్నది కూడా చెప్పు. కుంటిన చోటు దాచిపెడితే చదివేవాళ్లే పట్టుకుంటారు.

రెండో భాగం, ఆరో నంబరే జాన్ డ్రేక్ అన్న వాదం. ఆరో నంబరుగా వేసిన ప్యాట్రిక్ మెక్‌గూహన్ అంతకుముందు 'డేంజర్ మ్యాన్' అనే సీరియల్లో డ్రేక్ అనే గూఢచారిగా చేశాడు కాబట్టి అతనే ఇతను అన్నావు. స్క్రిప్ట్ ఎడిటర్ జార్జ్ మార్క్‌స్టీన్ అవునన్నాడు, మెక్‌గూహన్ కాదన్నాడు. నువ్వు మార్క్‌స్టీన్ మాట ఒక్కటే రాశావు. ఒక సీరియల్‌ను కన్నవాళ్లు ఇద్దరున్నప్పుడు ఇద్దరి మాటా పెట్టాలి.

నీ బలమైన సాక్ష్యం పాటర్. 'ద గర్ల్ హూ వాజ్ డెత్' ఎపిసోడ్‌లో పాటర్ అనే మనిషి ఉంటాడు. 'డేంజర్ మ్యాన్' ఎపిసోడ్ 'కొరోషి'లోనూ పాటర్ ఉంటాడు. రెండుచోట్లా నటుడు క్రిస్టఫర్ బెంజమిన్. పేరూ ముఖమూ రెండూ కలిశాయి కాబట్టి ఇది గట్టి పోలికే. కానీ అదే బెంజమిన్ మొదటి ఎపిసోడ్ 'ఎరైవల్'లో ఆ ఊరి ఉద్యోగాల ఆఫీసు మేనేజరుగా కూడా కనిపిస్తాడు. మరి ఆ మేనేజరూ పాటరేనా? పైగా 'ద గర్ల్ హూ వాజ్ డెత్'లో నడిచినదంతా ఆరో నంబరు పిల్లలకు చెప్పిన కథ అని చివర్లో తేలుతుంది. అంటే పాటర్ ఉన్నది కథలో కథలో. తన పాత జీవితంలోని పేరును అతను ఆ కథలోకి తెచ్చుకున్నాడని వాదించవచ్చు. పాత సీరియల్ వాళ్లు తమలో తాము నవ్వుకోవడానికి పెట్టుకున్నారనీ వాదించవచ్చు. నాకు రెండోదే దగ్గరగా అనిపిస్తుంది. నువ్వు మొదటిదానివైపే నిలబడు, అభ్యంతరం లేదు. కానీ ఉద్యోగాల ఆఫీసు మేనేజరును దాటుకుని వెళ్లకు.

పోర్ట్‌మేరియన్‌ను మాత్రం సాక్ష్యంగా తీసెయ్. వేల్స్‌లోని ఆ ఊరు 1960లో 'డేంజర్ మ్యాన్' మొదటి ఎపిసోడ్‌లోనూ కనిపిస్తుంది, నిజమే. అది లొకేషన్ చేసిన ఉపకారం. ఒకసారి చూసి నచ్చిన చోటుకు మళ్లీ వెళ్లారు, అంతే.

ఇక్కడే షూటింగ్ ఇబ్బందుల సంగతి. 'ఫాల్ అవుట్'లో, దాని ముందు ఎపిసోడ్‌లో రెండో నంబరుగా వేసిన లియో మెకర్న్‌కు గడ్డం తీయడాన్ని పునర్జన్మకు ప్రతీక అని ఒక పేజీ రాశావు. ఆ ముందు ఎపిసోడ్ 'వన్స్ అపాన్ ఎ టైమ్' ప్రసారంలో పదహారోది, షూటింగ్‌లో ఆరోది. రెండింటి మధ్య నెలలు గడిచాయి. ఈలోగా మెకర్న్ జుట్టూ గడ్డమూ కత్తిరించుకున్నాడు. ఆ తేడాను కప్పడానికే ఆ క్షవరం కథలోకి వచ్చింది. అలాగే 'డు నాట్ ఫర్‌సేక్ మీ ఓ మై డార్లింగ్'లో ఆరో నంబరు మనసును వేరే ఒంట్లోకి మార్చడానికి కారణం, మెక్‌గూహన్ అప్పుడు హాలీవుడ్‌లో సినిమా షూటింగులో ఉండటం. ఆ వేరే ఒంటి వేషం నైజల్ స్టాక్ కట్టాడు. ఇవి తెలిశాక నీ పేజీ వృథా అనుకోకు. అవసరం కొద్దీ పెట్టిన క్షవరం తెర మీద మళ్లీ పుట్టినట్టే ఉంటుంది, అది నిజం. కాకపోతే 'ప్రతీకగా పెట్టారు' అన్నచోట 'ప్రతీకగా మారింది' అని రాయి. మారేది ఒక క్రియాపదమే, వ్యాసం మాత్రం నిలబడుతుంది.

ఇందుకే ఏ పాత సీరియల్ అయినా మొదట రెండు వరసలు రాసుకోవాలి, తీసిన వరస ఒకటి, ప్రసారమైన వరస ఒకటి. 'డాన్స్ ఆఫ్ ద డెడ్' ఎనిమిదోదిగా ప్రసారమైంది. అందులో ఆరో నంబరు తనిక్కడికి కొత్త అంటాడు. ఆ మాట పట్టుకుని జ్ఞాపకాలు తుడిచేస్తున్నారని థియరీ అల్లేయవచ్చు. తీసిన వరసలో అది నాలుగోది, అప్పటికి కొత్తవాడే.

చూసే పద్ధతి చెబుతాను. మొదటిసారి పెన్ను పట్టకు. రెండోసారి నోటుబుక్కులో నాలుగు గళ్లు గీసుకో: ఎపిసోడ్, నిమిషం సెకను, కనబడినది ఉన్నదున్నట్టు, నీకు తోచినది. మూడో గడిలో 'అనుమానంగా చూశాడు' అని రాయకూడదు. 'కుడివైపు రెండు సెకన్లు చూశాడు' అని రాయాలి, అనుమానం నాలుగో గడిలోది. మూడోసారి శబ్దం తీసేసి చూడు, నాలుగోసారి తెరకు వీపు పెట్టి విను. సెట్టు సామాను మూడోసారి, గొంతు విరుపులు నాలుగోసారి దొరుకుతాయి. నిమిషం రాసేటప్పుడు ఏ కాపీ చూశావో కూడా రాయి. సెకనుకు 24 ఫ్రేముల్లో తీసిన ఫిల్మును 25తో నడిపిన కాపీలో యాభై నిమిషాలు నలభై ఎనిమిదవుతాయి, నీ సెకన్లు ఎవరికీ కలవవు. ఇంకొకటి, ఈ సీరియళ్లు చదరానికి దగ్గరగా ఉండే పాత తెర కోసం తీసినవి. వెడల్పు తెరకు సరిపెట్టిన కాపీల్లో పైనా కిందా కోసేస్తారు. 'ఫ్రేములో ఫలానాది కావాలనే పెట్టలేదు' అని రాసేముందు కోయని కాపీ చూసి తీరాలి.

అంకెలతో కూడా జాగ్రత్త. అమెరికాలో 1964 నుంచి 1967 వరకూ వచ్చిన 'గిలిగన్స్ ఐలాండ్'లో దీవిలో చిక్కిన ఏడుగురూ క్రైస్తవుల ఏడు మహాపాపాలని ఒక వాదం ఉంది. ఏడుకు ఏడు అనగానే మనసు గంతులేస్తుంది. పంచడం మొదలెడితే ఓడ కెప్టెనుకు కోపమూ తిండిపోతుతనమూ రెండూ అంటగట్టాల్సి వస్తుంది, గిలిగన్‌కు ఏ పాపమూ మిగలదు. అప్పుడతను ఎర్రచొక్కా వేసుకున్న సైతాను అంటారు. మొదటి సీజన్ ముప్పై ఆరు ఎపిసోడ్లూ నలుపు తెలుపులో వచ్చాయి. అప్పటి ప్రేక్షకుడికి ఆ ఎరుపు కనబడనే లేదు.

ఆసుపత్రి కథ నడిచే అమెరికా సీరియల్ 'సెయింట్ ఎల్స్‌వేర్' గురించి రెండు మాటలు, నీ తర్వాతి వ్యాసం దానిమీదే అన్నావు కాబట్టి. 1988 మే 25న వచ్చిన ఆఖరి ఎపిసోడ్‌లో, ఆ ఆసుపత్రి అంతా టామీ వెస్ట్‌ఫాల్ అనే ఆటిజం ఉన్న పిల్లవాడి చేతిలోని గాజుగోళంలో ఉన్నట్టు చూపించారు. ఆ డాక్టర్లు 'చీర్స్' అనే వేరే సీరియల్లోని బారుకు వెళ్లారు. అక్కడి డాక్టర్ రొక్సాన్ టర్నర్ 'హోమిసైడ్' అనే ఇంకో సీరియల్లో కనిపించింది. 'హోమిసైడ్' డిటెక్టివ్ మంచ్ 'ఎక్స్ ఫైల్స్'లో వచ్చాడు. కాబట్టి ఇవన్నీ టామీ ఊహే అని గొలుసు కట్టారు. గొలుసు కట్టడం సరదా పని, కట్టు. కానీ మొదటి లంకె దగ్గరే ఆగి ఒక ప్రశ్న వెయ్యి. ఆ ఆసుపత్రి బోస్టన్‌లో ఉంది. పిల్లవాడు బోస్టన్‌ను ఊహించుకుంటే బోస్టన్ కల అయిపోదు. అలాగే నిజంగా ఉన్న బారునే టామీ తన ఊహలోకి తెచ్చుకుని ఉండవచ్చు. ఈ అభ్యంతరానికి జవాబు దొరికాకే రెండో లంకెకు వెళ్లు. దొరక్కపోతే వ్యాసం ఆ అభ్యంతరం మీదే రాయి, గొలుసు కంటే అదే ఎక్కువ బాగుంటుంది.

ముందు కామా పేరా తిరగరాసి, మూడు గళ్ల లెక్కతో సహా పంపు. డ్రేక్ భాగం ఆ తర్వాత చూద్దాం.